ఎక్కుడులో బరువు వెనకవాళ్ళది

కబాలే కొండల్లో మా ఊరి ఎంగోజి సంఘానికి
పద్దులు రాసేది నేను.
రెండు పొడుగు కర్రల మధ్య
వెదురుబద్దలతో అల్లిన పడక పేరు ఎంగోజి.
రోగిని అందులో పడుకోబెట్టి
నలుగురు నలుగురుగా భుజాలు మార్చుకుంటూ
ఏడు మైళ్ళు, మూడు కొండలు, ఆసుపత్రి దాకా.

ఇంటికి నెలకు రెండు వేల షిల్లింగులు, ఒక భుజం.
భుజం లేని ఇంటికి ఒక లాంతరు.
మీటింగుకి రాకపోతే జరిమానా,
మూడుసార్లు రాకపోతే పేరు మీద గీత.

టుర్యమురీబ పేరు మీద గీత కొట్టింది నేనే.
"నా ఒళ్ళు నేను చూసుకుంటాను
మీ ఒళ్ళు మీరు చూసుకోండి" అన్నాడు.
అన్నాడంటే అనడూ మరి.
నలభై దాటినా పన్నునొప్పి ఎరగడు,
బంగాళాదుంపల బస్తా సంతకి ఒక్కడే మోస్తాడు.
"కూర్చుని తిని ఒళ్ళు చెడగొట్టుకున్నవాడి కోసం
నా భుజం ఎందుకు అరగాలి?"
ఆ ప్రశ్న రాసుకోవడానికి
నా రిజిస్టర్లో గడి లేదు.

ఏప్రిల్ వానల్లో ఒక రాత్రి
జొన్నబీరు తాగి, అద్దె మోటారు సైకిలు మీద
మలుపు తిరగబోయి కాలవలో పడ్డాడు.
తొడ ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది.

అతని వాకిట్లోనే మీటింగు.
లోపల మూలుగు, బయట నిబంధనలు.
ముందు మోద్దాం, తర్వాత చూద్దాం అన్నాడు టిబెసిగ్వ.
కెబిరుంగి లేచింది.
ముప్పై ఒక్క ఏళ్ళుగా నెల తప్పకుండా కట్టిన మనిషి,
ఒక్కనాడూ ఎంగోజి ఎక్కలేదు.
"మోకాళ్ళు పట్టేశాయని ఎవరినైనా అడిగానా?
మనవడి మాత్రలకి మేకనమ్మాను.
నా రెండు వేలూ పోయి వాడి బీరులో కలవాలా?
రేపు నా కొడుకూ కట్టనంటాడు,
వాడికేం చెప్పమంటారు?"

ఎవరం నోరెత్తలేదు.
ఆమెది తప్పని ఇప్పటికీ అనలేను.
అంతలో లోపలి నుంచి ఒక కేక.
చందా కట్టినవాడు కూడా
సరిగ్గా అలాగే అరుస్తాడు.

తీర్మానం అంటూ ఏదీ జరగలేదు.
ఆ తేదీ కింద పేజీ ఖాళీగానే ఉంది.
దూలం మీంచి ఎంగోజిని ఎవరు దించారో
అడిగితే అందరూ "నేను కాదు" అంటారు.

ఎక్కుడులో బరువు వెనకవాళ్ళది,
దిగుడులో ముందువాళ్ళది.
చదునులో పొడుగువాడిది,
పొట్టివాడు కర్రకింద ఊరికే చెయ్యి ఆనించి నడుస్తాడు,
పైగా వాడికే ఆయాసం.
సమానం అనేది నేను స్కేలు పెట్టి గీసే గీత.
బురదలో దాన్నెవరూ చూడలేదు.
ఆ రాత్రి నేను వెనక, కుడివైపు.
మనిషి బరువో, తప్పు బరువో,
దుప్పటి పీల్చిన వాననీళ్ళ బరువో
విడదీసి చెప్పడం
నా భుజానికి చేతకాలేదు.

రెండో కొండ మీద తలెత్తి చూస్తే
ముందు ఊగుతున్న లాంతరు కెబిరుంగిది.
కుంటుతోంది. తిడుతోంది.
వాడి తాతనీ, వాడి బీరునీ, మమ్మల్నీ కలిపి తిడుతోంది.
గుంట వచ్చిన చోట మాత్రం తిట్టు ఆపి
"ఎడమకి" అంటోంది.

ఏడు వారాలకి చంకకర్రతో వచ్చాడు టుర్యమురీబ.
పాత జరిమానాలన్నీ లెక్క కట్టించి
డబ్బు బదులు ఒక పెట్టని నా బల్ల మీద పెట్టాడు.
"ఇక నాకూ మీకూ బాకీ లేదు."
మళ్ళీ చేరతావా అని అడిగాను.
కొండవైపు చాలాసేపు చూశాడు.
"ముందు కాలు నిలబడనీ."

పెట్టని ఏ పద్దులో రాయాలో తోచక
కెబిరుంగిని అడిగాను.
దాని పొట్ట తడిమి చూసింది.
"గుడ్లు పెడుతుందేమో చూడు.
తర్వాత రాద్దువుగాని."