గాలి కొలను

మొదట వెలుగు చిట్లుతాది.
పట్టాల అంచున జొన్నకంకి మీసాల్లా
మిలమిల వంకరగీతలు.
బండి ఇంకా స్టేషనే దాటలేదు,
నా ఎడమ కణతలో మాత్రం
గూడ్సు కదిలింది.

గుత్తికి ఇవతల రైలు గేటు నాది.
పన్నెండు గంటల డ్యూటీ,
ఒక ఫోను, రెండు జెండాలు,
కంకర మీద కాగే ఎండ.
ఒంటితలనొప్పి లేచిన పూట
జెండా పట్టుకుని నిటారుగా నిలబడతా,
బండి పోయినాక
గుమ్టీ వెనక్కి పోయి కక్కుకుంటా.
శొంఠిపట్టు, తాయెత్తు,
సొరుగు లాగితే గలగలమనే
ఖాళీ మాత్రల రేకులు.

"గుంతకల్లులో సూదుల డాక్టరమ్మ ఉందంట"
అనింది కీమ్యాన్ పెండ్లాం.
మా మరిది ఓబులేసు నవ్వినాడు:
"చైనా సరుకు వదినా,
గ్యారంటీ కార్డు తీసుకుని పొడిపించుకో."

సైకిలు షాపు మీద గది.
కింద ఒకడు ట్యూబును నీళ్ళతొట్టిలో ముంచి
బుడగ యాడ లేస్తాదో చూస్తున్నాడు.
పైన మెహరున్నీసా మేడం
నా మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి
అదే పని చేసింది.

రెండు చేతులూ చూసింది. నాలుక చాపమనింది.
నిద్ర అడిగింది, నెలసరి అడిగింది,
నొప్పికి ముందు ఆవలింతలొస్తాయా అనింది.
ఎనిమిదేండ్లుగా నా తల
ఎవరికీ ఇంతసేపు పనికి రాలేదు.

"కాలేయంలో గాలి లేచి పైకి కొడతాంది.
చైనావాళ్ళ లెక్క ఇది.
నువ్వు నమ్మకపోయినా సూదికి కోపం రాదులే.
నీ కోపం యాడ దాచుకుంటావు సుంకులమ్మా?"

అన్నీ కడుపులో పెట్టుకోమని
మా అమ్మ చెప్పింది.
ఏ అరలోనో చెప్పలేదు.

వెంట్రుక లావు సూదులు.
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒకటి,
ఆ చోటు పేరు కలిసే లోయ అంట.
కాలివేళ్ళ సందున ఒకటి.
మెడ వెనక, పుర్రె కింద, రెండు గుంటల్లో రెండు.
వాటి పేరు చెప్పి తనే నవ్వింది:
"గాలి కొలను."

నాకూ నవ్వొచ్చింది.
గాలికి కరువు లేని జిల్లా మాది.
కొండల మీద రెక్కలు తిప్పి కరెంటు పండిస్తాది,
మబ్బును మాత్రం ఒక్క నిమిషం ఆపకుండా
పచ్చజెండా ఊపి పక్క సీమకు పంపిస్తాది.
కొలనులే లేవు.
ఉన్న రెండూ నా మెడలోనే ఉండాయని
నలభై ఏండ్లకు తెలిసింది.

సూది దిగినచోట నొప్పి కాదు,
బరువు, తిమ్మిరి, చీమల నడక.
అట్లా పడుకుని ఉండగా
ఎవరూ అడక్కుండానే నోరు తెరుచుకుంది.

ఆ రాత్రి అంబులెన్సు.
ఎదురెదురు రెండు బండ్లు, పదకొండు నిమిషాలు.
డ్రైవరు ముందు చేతులు పట్టుకున్నాడు,
తర్వాత తిట్టినాడు.
లోపల కాన్పు నొప్పుల మనిషి.
తాళంచెవి నా కొంగు ముడిలోనే ఉంది.
తెరవలేదు. తెరవకూడదు.
రూలు పుస్తకం నా తప్పు లేదనింది.
ఆ బిడ్డ బతికిందో లేదో అడుగుదామంటే
తల్లి పేరు కూడా తెలీదు.

మేడం ఏమీ అనలేదు.
చేతిలోని సూదిని రవ్వంత తిప్పింది, అంతే.
కింద ఎవరో సైకిలుకు గాలి కొడుతున్నారు.

నయమైందా అంటే
నెలకు ఎనిమిదిసార్లు వచ్చేది మూడుకు దిగింది.
పెద్దాసుపత్రి చీటీ చింపొద్దని ఆమే చెప్పింది.
సూదో, మాటో, ఆ అరగంట పడకో,
ఏది పనిచేసిందో నన్నడగొద్దు.
ఓబులేసు మాత్రం నడుమునొప్పికని
అడ్రసు రాయించుకుని పోయినాడు.

నిన్న రాత్రి పన్నెండున్నర.
ఫోను మోగింది. నంబరు రాసుకుని గేటు వేసినాను.
వెలుగు అంచున మీసాలు మొలుస్తుండాయి.
కుడి బొటనవేలితో
ఎడమచేతి లోయను అదిమి పట్టుకున్నాను.
గేటవతల ఆటోలో ఎవరో దగ్గుతున్నారు.
ఎన్నడూ లేనిది, దగ్గరికి పోయి
"ఇంకా నాలుగు నిమిషాలన్నా" అని చెప్పినాను.
వాడు ఇంజను ఆపినాడు.

యాభై ఎనిమిది పెట్టెల గూడ్సు.
ముప్పై దాకా లెక్కపెట్టి తప్పినాను.