లగేజీ టిక్కెట్టు

ఏడు మిద్దెలు చూసినాను.
కొర్లగుంటలో మొదటిది. "ఎంతమందమ్మా?"
"ఇద్దరం."
"ఇంకొకరెవరు?" అని నా వెనక తొంగిచూసి
వాకిలి దగ్గరికేసుకునింది ఆయమ్మ.
మూడో ఇంటాయన కాలభైరవుడి పటానికి
దండ వేస్తా వేస్తానే
కుక్కలు మాకు పనికిరావన్నాడు.
పటంలో సామి పక్కన నిలబడిన జీవాన్ని
నేనూ చూసినా, బొరుగూ చూసింది.
మేమేమీ అనలేదు.

తక్కినవి చెప్పను. కాళ్ళు నొప్పులు.

బొరుగంటే, దొరికిన రోజు
తెల్లగా, ఊదితే ఎగిరిపోయేటట్టు ఉండె.
పాకాల బస్టాండులో మా బండి టైరు నీడన
పొట్లం కాగితం నాకుతా ఉండె.
డ్రైవరు హారను కొట్టినా కదల్లా.
టిక్కెట్ల సంచిలో వేసుకుంటి. అంతే.
ఇప్పుడు పదహారు కిలోలు.

ఎనిమిదో ఇల్లు బైరాగిపట్టెడ సందులో, చెంగల్రాయులు సారుది.
రిటైరైన డ్రిల్లు మాస్టరు.
నూరు రూపాయల పత్రం తెచ్చి, కళ్ళద్దాలు తుడిచి,
వీధికంతా వినపడేటట్టు చదివినాడు:
బాడుగ ఆరున్నర వేలు. కుక్కకి ఇంకో ఏడొందలు.
అడ్వాన్సు మూడు నెలలది. కుక్క పేరున ఇంకో నెల.
కరెంటు యూనిట్ తొమ్మిది. మోటరుకి రెండొందలు.
మిద్దెమీదికి తోలరాదు, వడియాలుంటాయి.
రాత్రి పది దాటినాక మొరగరాదు.

"అది దాంతో చెప్పండి సార్" అన్నా.
ఆయన నవ్వలేదు. నిజంగానే వంగి,
దాని మొహంలోకి చూసి, "అటెన్షన్!
పది దాటితే నోరు మూసుకోవాల."

నాకు కోపం రావాల. రాలేదు.
నేను మాత్రం?
తిరుపతి చిత్తూరు బండిలో
పదకొండేళ్ళుగా టిక్కెట్లు కొడతాండా.
పూతలపట్టు దగ్గర ఒకవ్వ కోడిపుంజుతో ఎక్కింది.
"నా వొళ్ళో కూచుంటాది కదమ్మీ,
సీటేమన్నా అడిగిందా?"
"రూలు అవ్వా" అంటిని.
కొంగుముడి విప్పి, చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.
దిగేదాకా నా మొహం చూడలేదు.

పత్రంలో రాసినాడు సారు:
బాడుగకుండేవారు మునిలక్ష్మి, బొరుగు.
నా రేషన్ కార్డులో నా పేరు కింద
ఉత్త గీతలే ఉండాయి.
ఇక్కడ ఒక గీత మీద ఒకరొచ్చినారు,
నెలకి ఏడొందలు.

రెండేళ్ళ నాలుగు నెలలకి ఖాళీ చెయ్యమన్నాడు.
ఇల్లు పగలగొట్టి అపార్ట్‌మెంటు కడతారంట.
టేపు పట్టుకోనొచ్చి తలుపు లోపలివైపు కొలిచినాడు.
కింద నుంచి అడుగున్నర దాకా గీతలు.
"రంగుకి నాలుగు వేలు పట్టుకుంటా."
"పగలగొట్టే ఇంటికి రంగెందుకు సార్?"
"రూలమ్మా."

ఆ మాట నాకు తెలుసు. దాని ధర కూడా.

గీతల ముందర గొంతుక్కూచున్నా.
ఇది చంద్రగిరి కాడ లారీ అడ్డం పడిన రాత్రి.
ఇది బ్రహ్మోత్సవాల స్పెషలు, పద్దెనిమిది గంటల డ్యూటీ.
ఈ లోతుది, జ్వరంతో నేను
డిపో బెంచీమీదే పడిపోయిన రోజు.
పది దాటినాక అది మొరగలేదు.
చెప్పినారు కదా, మొరగరాదని.
గోళ్ళతో పిలిచింది.

సంచిలో టిక్కెట్ల రోలు ఉండె.
మూరెడు చింపి గీతల మీద పరిచి
రూపాయి బిళ్ళతో రుద్దినా.
ఆ కాగితం రాపిడికి నల్లబడతాది.
గీతలున్నచోట మాత్రం తెల్లగా మిగిలింది.
ఎక్కిన చోటు లేదు, దిగే చోటు లేదు,
మూరెడు టిక్కెట్టు. మడిచి పెట్టుకుంటి.

సారు టేపు చుట్టుకుంటా చూస్తా ఉండాడు.
కొంచేపటికి బొరుగు దగ్గర వంగి,
ఎవరికీ వినపడకుండా,
"స్టాండెటీజ్" అన్నాడు.
అది అప్పటికే కూచోనుంది.

నాలుగు వేలు మాత్రం తిరిగియ్యలా.
అవిలాల పక్క ఏదో ఇల్లుందంట,
రేపు డ్యూటీ దిగినాక పోయి చూడాల.
ఇద్దరమని ముందే చెప్తాను.