అరగని బూట్లు

చెప్పులరిగేలా తిరిగావు నాన్నా, నా కోసం.
శాంటియాగో ఆసుపత్రుల చుట్టూ,
ఎముకలు సరిచేస్తానన్న ముసలి వైద్యుడి చుట్టూ,
మోకాళ్ల మీద వస్తే కరుణిస్తుందన్న మరియమాత గుడి చుట్టూ.

నా బూట్లు మాత్రం అరగలేదు.
ప్రతి మార్చిలో, బడి తెరిచే ముందు,
ఒక కొత్త జత, నల్లవి, లేసులు కట్టేవి.
డిసెంబరులో తిరగేసి చూస్తే
అట్ట మీద ధర చీటీ అలాగే ఉండేది.
పిన్ని కూతురు ఒతీలియాకి ఇచ్చేసేవాళ్లు.
మూడు వారాల్లో చింపి పారేసేదది.
నాకు కుళ్ళు.
దాని నడక చూసి కాదు,
ఆ చిరుగు చూసి.

మన కొండకి నూట అరవై మూడు మెట్లు.
పగలంతా వల్పరైసో రేవులో గోధుమ బస్తాలు దించి
సాయంత్రం నన్ను ఎక్కించేవాడివి.
భుజం అదే. పట్టు అదే.
రొట్టెలబట్టీ మలుపులో
ఊపిరి బిగబట్టే చోటు కూడా అదే.
దోన్యా క్లోరిండా కిటికీలోంచి శిలువ గీసుకునేది:
"హెర్మీనియో, నువ్వు దేవుడివయ్యా!"
ఊరేగింపులో దేవుడంటే మోయించుకునేవాడు.
మన మెట్ల మీద మాత్రం లెక్క తిరగబడింది.

నీకు తెలియనిది ఒకటుంది.
వీపుకి చెవి ఆనిస్తే అన్నీ వినిపిస్తాయి.
డాక్టరుతో నువ్వన్న మాట నీ నోట్లోంచి కాదు,
పక్కటెముకల్లోంచి విన్నాను:
"నేను పోయాక దీని గతేంటి?"
ఏడేళ్లు నాకు.
ఆ రాత్రి మొదలు నువ్వు దగ్గినప్పుడల్లా
లేచి కూర్చునేదాన్ని.
రేకు గోడలు మనవి. వంటింట్లో అమ్మ ముక్కు చీదితే
నా మంచం దాకా వచ్చేది.
ఏడ్చారని కాదు నాన్నా,
ఏడ్వరా మరి?
ఒక్కరైనా వచ్చి పక్కన కూర్చుని
ఇదీ సంగతి అని చెప్పలేదు.
నా కాళ్ల గురించి వీధి వీధికీ తెలుసు, నాకు తప్ప.

"మొదటి కమ్యూనియన్ నాటికి నడుస్తుంది" అన్నావు.
తర్వాత, "పదిహేనో పుట్టినరోజుకి."
గడువు దాటిన ప్రతిసారీ
అప్పు ఎగ్గొట్టినదానిలా తలొంచుకున్నాను.

ముప్పై నాలుగో ఏట,
నువ్వు నడుం పట్టేసి మంచమెక్కిన వారం,
కొండరైలు ఎప్పటిలాగే మూతబడి ఉంటే
దిగాను.
పిర్రల మీద. ఒక్కో మెట్టూ.
గంటా నలభై నిమిషాలు.
నల్ల కుక్క ఒకటి ముందు దిగుతూ
ప్రతి మలుపులో ఆగి వెనక్కి చూసింది.
డెబ్బై ఆరో మెట్టు అంచున
ఎవరో మేకుతో గీకారు: "రెమీహియా, శనివారం రాను."
నీ వీపు మీంచి అది నాకెప్పుడూ కనపడలేదు.
ఒక కుర్రాడు "ఎత్తుకోనా?" అన్నాడు.
"వద్దు, ఈ సంచి పట్టుకో" అన్నాను.
పట్టుకున్నాడు.
అంతే నాన్నా. అడిగితే అంత తేలిక.

కింద బడ్డీలో వేయించిన చేప తిన్నాను,
అరచేతులు మండుతూ,
ప్యాంటు వెనక జానెడు చిరుగుతో.
పిన్ను ఇవ్వబోయారు. తీసుకోలేదు.

నువ్వు పోయి రెండు చలికాలాలు.
నా గతేంటని అడిగావు కదా, ఇదీ:
కస్టమ్స్ ఆఫీసులో గుమాస్తాని.
కింది బజారులో అద్దె గది,
లిఫ్టు పనిచేసే రోజులే ఎక్కువ.
అన్నం మాడుతుంటుంది.
బల్తసార్ అని ఒకడు వచ్చాడు, నేనే పొమ్మన్నాను.
మళ్లీ రమ్మననా అని ఆలోచిస్తున్నాను.

ఇంకో మాట.
మెట్లు నూట అరవై మూడు కావు, నాలుగు.
అట్టడుగున ఒకటి సగం మట్టిలో కూరుకుపోయింది.
నీ కాలు ఎప్పుడూ దాన్ని దాటేసేది.