చప్పుడు ఉంచు

మా మిద్దె మీద నీళ్ల ట్యాంకు కాలి నుంచి
ఎదురుగా గానుగ షెడ్డు రేకు దాకా
ఇరవై రెండు మీటర్ల రాగి తీగ.
దాని కింద, చెప్పుల డబ్బాలో, రిసీవరు.
వజ్రకరూరు గాలిలో ఏం తిరుగుతోందో
నెట్‌లో ఎవరడిగితే వాళ్లకు వినిపించడం దాని పని.
ఒకేసారి ఎనిమిది మందికి.
తొమ్మిదోవాడొస్తే "కాసేపాగి రండి" అనే వాక్యం నేనే రాశాను,
మూడుసార్లు మార్చి, మర్యాద సరిపోక.

తెర మీద పైనుంచి కిందికి జారే నీలాన్ని
ఈ పనిలో ఉన్నవాళ్లు జలపాతమంటారు.
మా మండలంలో ఏడాది పొడుగునా పారేది అదొక్కటే.
నీలంలో పచ్చగీత: ఎవరో మాట్లాడుతున్నారు.
వంకర గీత: ఎవరి యంత్రమో వేడెక్కింది.

మే నెలలో మాదే వేడెక్కింది.
మధ్యాహ్నం రెండింటికి చెప్పుల డబ్బాలో యాభై ఆరు డిగ్రీలు.
లోపలి స్ఫటికం జారి
స్టేషన్లన్నీ ఉన్నచోటి నుంచి కాస్త పక్కకు నిలబడ్డాయి,
నీడకు జరిగిన గొర్రెల్లా.
సెకన్లు లెక్కపెట్టే దూరదేశపు స్టేషన్ను గంటకోసారి పట్టుకుని
ఎంత జరిగిందో కొలిచి అంత వెనక్కి తోసే కోడు,
నలభై వరుసలు, పదకొండు రాత్రులు.
తాడిపత్రి నుంచి తస్లీమ్ చదివి నవ్వింది:
"మైనస్ మరిచావు. జారేవైపే తోస్తున్నావు."

తర్వాత చప్పుడు.
గాలిమరల గరగర, బోరు స్టార్టరు దెబ్బ,
టెన్త్ పిల్లోడున్న ఇంట్లో రాత్రంతా వెలిగే బల్బు గీ.
ఒక్కో చప్పుడుకూ ఒక్కో ఆకారం.
పోల్చి, పేరు పెట్టి, కోసేశాను.
చివరికి చిటుకులు మిగిలాయి,
వేళాపాళా లేనివి, సూదిమొనంత సన్ననివి.
అవీ కోశాను.
వెర్షన్ సున్నా పాయింట్ తొమ్మిది.
కడిగిన పలకలా ఉంది నిశ్శబ్దం.
తస్లీమ్ బొటనవేలి బొమ్మ పంపింది.

ఉలిగప్ప ఫ్యూజు తీగ అడగడానికొచ్చాడు.
సెనక్కాయ విత్తి పద్దెనిమిది రోజులు, చుక్క లేదు.
గుమ్మంలోనే నిలబడి చెవి ఒగ్గాడు.
"ఏం పాపా, నీ రేడియోకు జబ్బు చేసిందా?"
"ఎంత శుభ్రంగా ఉందో విను మామా."
"అదే చెప్పేది. మా నాయన రేడియో
వానకు ముందు బొరుగులు ఏంచినట్ల చిటచిటమనేది.
యాడో మెరుస్తాందని గుంటక సర్దుకునేటోడు.
నీదాంట్లో ఆకాశమే లేదు గదా."

తీగ తీసుకుని పోయాడు.

బళ్లారి అవతలో, సముద్రం మీదో,
ఉరుము వినపడనంత దూరంలో మెరిసిన ప్రతి మెరుపునూ
సెకనులో వెయ్యోవంతు కత్తెరతో కోసి
ఆ చోట సున్నాలు అతికించాను.
మోడం కోసం మెడలు నొప్పిపుట్టే ఊళ్లో కూర్చుని.

తొలకరి పడితే మా చేలల్లో జనం
నడుం వంచి వజ్రాలు వెతుకుతారు.
ఉత్త రాయేదో కాదో ఎట్లా తెలుస్తుందని
చిన్నప్పుడు అడిగితే "మెరిస్తే తెలుస్తుంది" అన్నారు.
నా కోడు మెరిసినదల్లా పారేసింది.

తీసెయ్యడానికి తస్లీమ్ ఒప్పుకోలేదు.
మాటలు వినడానికొచ్చేవాళ్లూ ఉంటారంది. నిజమే.
ఒక మీట పెట్టాను, దాని మీద రెండు మాటలు:
చప్పుడు ఉంచు.
మొదటి వారం ఎవరూ నొక్కలేదు.
రెండో వారం, తెల్లవారుజాము మూడున్నరకు
ఎవరో ఏ స్టేషనూ లేని చోట ఆగి, అది నొక్కి,
నలభై నిమిషాలు ఉన్నారు. మర్నాడూ.
ఏ దేశమో చూడొచ్చు. చూడలేదు.

ఆగస్టు తొమ్మిది, సగం చేను మాడినాక, సాయంత్రం,
జలపాతం నిండా తెల్లటి అడ్డగీతలు,
స్పీకర్లో ఒకటే బొరుగులు.
మిద్దె మీంచి అరిచాను.
ఉలిగప్ప అప్పటికే వీధిలో ఉన్నాడు, తల పైకెత్తి,
నా యంత్రంతో పనిలేకుండా.
ట్యాంకు మీద మొదటి చినుకు టప్పుమంది.
కరెంటు పోయింది.

తస్లీమ్ సర్వరు రాసుకున్న ఆఖరి వరుస:
పద్దెనిమిది నలభై ఒకటి. శ్రోతలు ముగ్గురు. వజ్రకరూరు అందడం లేదు.

రాత్రంతా కురిసింది.
బ్యాటరీ ఒకటి కొనాలి.
దానికంటే ముందు తీగ ఎక్కడ పడిందో వెతకాలి,
చేలల్లో అప్పుడే జనం వంగి ఉన్నారు.