పావు ముక్క

కసీల్యష్ రేవు నుంచి లిస్బన్‌కి పడవలో పది నిమిషాలు.
ఆ పది నిమిషాలకీ నాకొక మాత్ర కావాలి.
వేసుకోవడానికి కాదు,
కోటు జేబులో ఉందని వేలికి తెలియాలి.
ఇంటి తాళం పక్కన, రేకు మీద చిన్న బుడిపె.
ఊడబోయే పన్నుని నాలుక తడిమినట్టు
వేలు దాన్ని తడుముతూ ఉంటుంది.

రెండు వారాలకని రాశాడు డాక్టర్ సెరఫీం.
ఆ ఏడు షాపు అద్దె రెట్టింపయింది, కంటి మీద కునుకు లేదు.
పదకొండేళ్ళయింది.
ఆయన రిటైరై కొండవైపు తేనెటీగలు పెంచుకుంటున్నాడు,
క్రిస్మస్‌కి నాకో సీసా తేనె పంపాడు.
మంచివాడే.
నేనూ మంచిదాన్నే.
దొంగ చీటీలు రాయించలేదు, ఎవరి గడ్డమూ పట్టుకోలేదు.
మందుల షాపులో అల్దినా నన్ను చూడగానే
డబ్బా తీసి బల్ల మీద పెట్టేది,
రోజూ కొనే రొట్టె చుట్టిచ్చినట్టు.

మొన్న మార్చిలో సరుకు రాలేదంది.

మూడు రోజులు.
దుప్పటి ఒంటికి తగిలితే చీమలు.
ఫ్రిజ్ మోతలో ఎవరో నన్ను పిలుస్తున్నారు,
గ్రసియెత్, గ్రసియెత్, అని, చివరి అక్షరం మింగేసి.
బెల్మీరో గ్లాసు కింద పెడితే ఏడ్చాను.
గట్టిగా పెట్టాడని కాదు. పెట్టాడని.

ఇప్పుడు నర్సు ఒతీలియా ఒక కాగితం చేతిలో పెట్టింది.
ఆసుపత్రిలో చేరక్కర్లేదట.
మంగళవారం, శుక్రవారం వచ్చిపోతే చాలు,
రెండు వారాలకో చిన్న మెట్టు దిగుదాం,
ఒక్కసారిగా మానొద్దు, ఫిట్స్ వస్తాయి, అంది.
రాత్రికి మీ మంచం మీదే పడుకోవచ్చు, అంది.
అదే నా భయం అన్నాను.
ఆవిడ నవ్వలేదు, రాసుకుంది.

ఆసుపత్రిలో అయితే తాళం వేసేది ఇంకొకరు.
ఇంట్లో వేసేదీ నేనే,
తాళంచెవి ఏ డబ్బాలో దాచానో తెలిసిందీ నాకే.
కానీ చేరితే షాపు తలుపు మీద ఏమని రాయాలి?
దోనా ఎర్మెలిందా మనవడి పెళ్ళి ప్యాంటు
మోకాలి దాకా విప్పి ఉంది నా బల్ల మీద.

బెల్మీరోని సలహా అడగలేదు.
ముప్పై ఏళ్ళుగా పడవల మీద మోకులు విసిరే మనిషి,
మాటలు కూడా అంతే, విసిరితే ఒకటి.
సార్డీన్లు కాలుస్తూ తనంతట తనే అన్నాడు,
కొత్త కుర్రాడొకడు ఇవాళ రేవుని గుద్దాడని.
"దగ్గరికొచ్చాక తగ్గిస్తే ఏం లాభం?
దూరంగా ఉండగానే తగ్గించాలి."
చేపని తిరగేశాడు.
నా గురించి కాదనే అనుకుంటున్నాను.

నిన్న రాత్రి చూద్దామని
కుట్లు విప్పే బ్లేడుతో మాత్రని నాలుగు చేశాను.
ఎన్ని వందల అంచులు కత్తిరించిన చెయ్యి,
వెంట్రుకవాసి తేడా రానివ్వని చెయ్యి,
మూడు ముక్కలూ, కొంచెం పొడీ చేసింది.
పొడి మిషను కింద రాలింది.
మోకాళ్ళ మీద కూర్చున్నాను.
దారప్పోగుల్లో, సుద్ద ధూళిలో వెతికి,
వేలు తడిచేసి అద్దుకుని
నాలుక మీద పెట్టుకున్నాను.
సుద్దో మాత్రో తెలియలేదు.
రెండూ చేదుగానే అనిపించాయి.

పదకొండేళ్ళు నేను గడప తొక్కనివ్వని ఒక మాట
అప్పటికే లోపలికొచ్చి
కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

ఇవాళ మంగళవారం. పడవలో ఉన్నాను.
కాగితం మీద సంతకం పెట్టలేదు.
అడగడానికే వెళ్తున్నాను.
గుడ్డ ఎంత పడుతుందని అడిగితే
కుట్టించుకున్నట్టు కాదు కదా.
మా షాపుకీ వస్తారు అలాంటి వాళ్ళు,
అడిగి, తలూపి, మళ్ళీ కనపడరు.
కొందరు కనపడతారు.

వేలు జేబులోనే ఉంది.
కాళ్ళ కింద ఇంజను మోత తగ్గింది.
తలెత్తి చూస్తే
రేవు ఇంకా చాలా దూరం.