రెండో ముద్ర

చిత్తూరు నుంచి యాదమరికి పోయే దారిలో
మామిడి మండీ దాటినాక కుడిచేతి పక్క
రెండు గదుల రేకుల ఇల్లు.
మాజీ సైనికుల మ్యూజియం అని బోర్డు.
వానలకు 'మాజీ' సగం చెరిగిపోయింది,
మళ్లీ రాయించాలని మాకెవరికీ తోచలేదు.

తాళంచెవి నా దగ్గరే.
పద్దెనిమిదేళ్లు సిగ్నల్స్‌లో తీగలు కలిపిన చేతులు
ఇప్పుడు గాజుపెట్టెల మీద దుమ్ము తుడుస్తాయి.
ఉన్నవి గొప్పవేం కావు.
సొట్టపడిన ఎనామిల్ మగ్గు,
బర్మా నుంచి నడిచొచ్చిన ఒక తాత బెల్టు,
మంచుకు రెండు వేళ్లు పోగొట్టుకున్నాయన ఎడమ బూటు.
కుడిది అడగడానికి నోరు రాలేదు.
తుపాకీ ఏదని పిల్లోళ్లు అడుగుతారు,
లేదంటే మొగం మాడ్చుకుని
బరువు చూసే మిషనెక్కి దిగి పోతారు.

తెల్లారి ఐదుకు
భర్తీకి పరుగు నేర్చే కుర్రోళ్లు నీళ్లకొస్తారు.
శనివారం ఏఎన్నెమ్ సంపూర్ణ బీపీ చూస్తుంది.
నవంబరొస్తే పింఛనోళ్లు,
బతికే ఉన్నామని రుజువు చూపేదానికి.

మొన్న నవంబర్లో దొరసానమ్మ వచ్చింది.
లాన్స్ నాయక్ చెంగల్రాయుడి భార్య, సంపూర్ణ తల్లి.
మిషన్ మీద బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు.
కొంగుతో తుడిచి పెట్టింది. ఎర్ర లైటు.
ఎడమదీ అంతే.
ఇరవై ఎండాకాలాలు గుజ్జు ఫ్యాక్టరీలో
తోతాపురి తోలు తీసిన వేళ్లు,
గీతలన్నీ పులుపు తినేసింది.
"నేను లేనంటాదా ఇది?" అని నవ్వింది.

నేను మిషన్ ఆపి వెలిగించేలోపు
ఆమె మూడో గాజుపెట్టె కాడికి పోయింది.
వాళ్లింటి ట్రంకుపెట్టెలోవే అవి.
పోయినేడు మనవడు దించిపోయినాడు,
మూత తీస్తే శనక్కాయల వాసన,
అడుగున గుడ్డలో చుట్టి
ఇంటికి డబ్బు ముట్టిందని తిరిగిపోయిన చీటీలు,
ఒక్కోదాని మీద నీలంగా ఒక వేలిముద్ర.
పక్కన అట్టముక్క మీద నేనే రాసిపెట్టినా:
మనీఆర్డర్ రసీదులు, పదకొండు.

"ఇవి దాచినాడా?" అంది.
"చెప్పనేలేదే.
చక్కెర ఫ్యాక్టరీ గేటు కాడ కాపలా కాసి ఇంటికొచ్చి
పులుసులో ఉప్పెక్కువైందని మాత్రం చెప్పేవాడు."

తొమ్మిదో చీటీ మీద రెండు ముద్రలు.
రెండోది కందిగింజంత, పక్కకు జారి.
ఇంకు ఒలికిందేమో అనుకుంటూ వచ్చినా ఇన్నాళ్లూ.

"పురుడై పదిహేను దినాలు.
రేడియోలో యుద్ధమంటా ఉండారు.
జాబు రాసిపెట్టను పోస్టాయన పావలా అడిగినాడు.
నా వేలికి ఇంకు ఇంకా ఆరలా.
బిడ్డ బొటనవేలు దానికంటించి అక్కడ ఒత్తినా.
ఆయనకు అర్థమైందో లేదో
బతికినన్నాళ్లూ అడగలా."

అవతల గదిలో
సుబేదార్ ఖాజామొహిద్దీన్ చేతికి పట్టీ చుట్టి
గాలి కొడతా ఉన్న సంపూర్ణ ఆగిపోయింది.
బుస్సుమని గాలంతా దిగిపోయింది.
"ఎంతమ్మా, ఎంత?" అని ఆయన అడుగుతూనే ఉన్నాడు.

చివరికి ఫోనుకు మొగం చూపించినాం.
రెప్ప కొట్టమంది ఫోను.
దొరసానమ్మ చీటీ వైపే చూస్తా ఉండింది,
రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.
కొట్టింది. పచ్చ గుర్తు పడింది.
ఇంకో ఏడాదికి బతికుండాది.

సాయంత్రం కొత్త అట్టముక్క కత్తిరించుకున్నా.
రసీదులని రాసి కొట్టేసినా.
జాబులని రాసినా, అదీ ఆనలా.
పేరు లేకుండా అంకె ఒక్కటే రాసి పెట్టినా:
పన్నెండు.

తెల్లారి నీళ్లకొచ్చిన కుర్రోడొకడు
చెమట కారతా గాజు మీద వేలు పెట్టి
"పదకొండే ఉన్నాయి సార్" అన్నాడు.
నీళ్లు తాగి
మళ్లీ లెక్కపెట్టమన్నా.