ఒక్కడే

చిక్కపేట సందులో కళ్ళద్దాల కొట్టు.
అద్దం అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడం నా పని.
పదకొండేళ్ళలో ఎంతమంది చూపు సరిచేశానో,
నా మాట మాత్రం మసగ్గానే ఉంచుకున్నాను.

కదిరి నుంచి అమ్మ ఫోను చేస్తే
"వాళ్ళు వచ్చారు, వాళ్ళే వండారు,
ఈ నెల అద్దె వాళ్ళు కట్టారు" అనేవాణ్ణి.
బహువచనం మంచిది. మర్యాదగా ఉంటుంది.
వానలో తడిసొచ్చిన ఒక మనిషిని
"రు" చాటున నిలబెడితే
ఎవరికీ కనపడదు.
గదిలో నలుగురైదుగురం ఉన్నామనుకుని అమ్మ
బస్సు పార్సెల్లో చెనక్కాయ ఉండలు
అందరికీ సరిపడా పంపేది.
ఇద్దరమే తినేవాళ్ళం, పదిహేను రోజులు.

తర్వాత వాళ్ళు వెళ్ళిపోయారు.
హోసూరులో పెళ్ళి.
శుభలేఖ కవరు మీద నా పేరు పక్కన
"మిత్రబృందం" అని ఉంది.

ఆ ఏడు నేను పలికినవన్నీ నంబర్లే.
కుడి మైనస్ రెండుంబావు. ఎడమ మైనస్ రెండు.

సిప్రియన్ అనే పెద్దాయన విరిగిన కాడ తెచ్చాడు.
నేను స్క్రూ బిగిస్తున్నంత సేపూ నా ముఖమే చూశాడు,
ఏమీ అడగలేదు.
లెన్సు కవరు వెనక రాసిచ్చాడు:
లింగరాజపురం, టైలరు షాపు మీద,
ఆదివారం నాలుగింటికి.
మెట్లు ఇరుకు, తల జాగ్రత్త.

మూడు ఆదివారాలు మెట్ల దాకా వెళ్ళి
బస్టాపుకి తిరిగొచ్చాను.
నాలుగోసారి వాన పట్టుకుంది. ఎక్కాను.
తల తగిలింది.

లోపల ఏడుగురు.
మణిపురి నర్సమ్మలిద్దరు ఒకే దుప్పట్లో కాళ్ళు దాచుకుని.
సిప్రియన్ తమిళంలో విసుక్కుంటూ టీ వడపోస్తూ.
జబీన్ దక్కనీలో మొదలుపెట్టి
"ఆయా"కీ "ఆయీ"కీ మధ్య తడబడి
కన్నడంలోకి గెంతేస్తే, అందరూ చప్పట్లు.
కింద కుట్టుమిషను నడుస్తున్నంతసేపూ
ఇక్కడ ఎవరు ఎంత గట్టిగానైనా మాట్లాడొచ్చు.

మూల కుర్చీలో గంగరత్నమ్మ. కోలారు మనిషి.
గని సైరనుకి నిద్రలేచిన బాల్యం,
తనకు తనే పెట్టుకున్న పేరు,
తన డబ్బుతో కొన్న చీర.
"సెప్పు నాయనా" అంది.

చెప్పాను.
వాళ్ళు నాలుగేళ్ళు ఉన్నారు.
పచ్చిపులుసులో వాళ్ళకి ఉప్పెక్కువ ఉండాలి.
వాళ్ళ తువ్వాలు
కొక్కేనికి ఇంకా వేలాడుతోంది.

ఆకు నమలడం ఆపి అడిగింది:
"వాళ్ళు వాళ్ళు అంటా ఉండావే,
ఎంతమందప్పా వాళ్ళు?"

గదంతా నవ్వింది. నేనూ నవ్వబోయాను.
అప్పుడే కింద మిషను ఆగింది.

"ఒక్కడే" అన్నాను.

ఎవరో గ్లాసు అందించారు. తీపెక్కువైన టీ.
గంగరత్నమ్మ మళ్ళీ ఆకు నమలసాగింది,
దవడ కొంచెం నెమ్మదిగా.

రాత్రి అమ్మ ఫోను.
"పిల్లోళ్ళంతా బాగుండారా?
ఉండలు సేసినా. ఎంతమందికి పంపీల?"

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను,
జబీన్‌తో మొదలుపెట్టి.
"ఎనిమిది మందిమి, అమ్మా."